ఇరవై మూడు దాకా రంగు వద్దు

మా పాప గది సీలింగుకు జాయింట్లు పూసిన మనిషి పేరు ఇనాయతుల్లా. ఊరు పుంగనూరు. ఆధార్ కార్డు ప్రకారం యాభై రెండేళ్లు. తను మాత్రం రెండేళ్లు తగ్గించి చెప్పేవాడు. బడిలో చేర్చుకున్న అయ్యవారు తనకు తోచిన సంవత్సరం రాసుకున్నాడట. ఈ సంగతుల్లో కొన్ని ఆయన మా ఇంట్లో పనిచేసిన ఆరు రోజుల్లో తెలిశాయి. మిగతావి తర్వాత ఆయన భార్య మరియం చెప్పింది, నాకు చెప్పాల్సిన అవసరం ఆమెకు లేకపోయినా.

ఆయన పని ఏమిటో ముందు చెప్పాలి. జిప్సం బోర్డుతో సీలింగు కట్టేటప్పుడు పెద్ద పెద్ద పలకల్ని ఇనుప చట్రానికి మరలతో బిగిస్తారు. రెండు పలకలు కలిసిన చోట సన్నటి సందు ఉండిపోతుంది. ఆ సందు నింపి, కాగితం టేపు అతికించి, దాని మీద మూడు పూతలు పూస్తారు. రెండో పూత మొదటిదానికంటే వెడల్పు, మూడోది ఇంకా వెడల్పు. అంచులు పలచబడి పలచబడి బోర్డులో కలిసిపోవాలి. రంగు వేసిన తర్వాత గీత ఎక్కడుందో ఎవరికీ తెలియకూడదు. తెలిసిందంటే పని చెడినట్టే. అందుకే ఈ పని బాగా చేసినవాడి పేరు ఎవరూ అడగరు.

ఇనాయతుల్లా తండ్రి పుంగనూరులో సున్నం కొట్టేవాడు. పండగల ముందు డ్రమ్ములో సున్నం నానబెట్టి, ఇల్లిల్లూ తిరిగి గోడలు తెల్లగా చేసి వచ్చేవాడు. కొడుక్కి కూడా అదే పని వచ్చింది. అయితే అప్పటికే ఊళ్లో సున్నం అడిగేవాళ్లు తగ్గిపోయారు, పెయింట్లు వచ్చాయి. ఇరవై నాలుగేళ్ల వయసులో బావమరిది వెంట బెంగళూరు వెళ్లాడు. ఆఫీసులు కట్టే చోట బోర్డు పని నేర్చుకున్నాడు. అక్కడ పద్ధతి వేరు. పూత ఆరిన తర్వాత మిషను పెట్టి రుద్దుతారు. అద్దాలు బిగించిన గదులు, కిటికీ తెరవడానికి ఉండదు. ముఖానికి కర్చీఫు కట్టుకుని రోజంతా తెల్లటి దుమ్ములో నిలబడాలి. సాయంత్రం కర్చీఫు విప్పితే ముక్కు, నోరు ఉన్న చోట మాత్రం మనిషి రంగు కనబడేదని మరియం చెప్పింది. పెళ్లయిన కొత్తలో అది చూసి నవ్వేదట.

పద్దెనిమిదేళ్లు అలా చేశాడు. దగ్గు పట్టుకుంది. ముందు చలికాలంలో, తర్వాత ఏడాది పొడవునా. మదనపల్లెలో ఒక డాక్టరు ఎక్స్‌రే తీయించి, ఇంక పొడి రుద్దే పని మానకపోతే ఊపిరితిత్తులు పనికిరాకుండా పోతాయని చెప్పాడు. ఇనాయతుల్లాకు ఇంకో పని రాదు. అందుకని పని మానకుండా దుమ్ము మానే దారి వెతుక్కున్నాడు. రుద్దే ఉప్పుకాగితం, మిషను రెండూ పక్కన పెట్టేశాడు. పూత పూర్తిగా గట్టిపడక ముందే తడి స్పాంజితో అంచులు మెల్లగా తుడిచి కలిపేవాడు. ఒక్క రవ్వ దుమ్ము లేచేది కాదు. కాకపోతే పని నిదానం. తడితో తుడిచినందుకు ఆరడానికి ఇంకాస్త ఎక్కువ టైము కావాలి. బెంగళూరులో ఏ మేస్త్రీ అంత ఓపిక పట్టడు. అందుకే తిరిగి వచ్చేశాడు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మధ్య చిన్న చిన్న ఇళ్లు, క్లినిక్కులు, చీరల షాపులు చూసుకుంటూ బతకవచ్చనుకున్నాడు.

నాకు ఆయన దొరికింది ఈ దుమ్ము వల్లే.

మా అత్తవారి ఇల్లు మదనపల్లెలో నీరుగట్టువారిపల్లె వైపు. నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. పాపకు ఐదో నెల నుంచి ఆయాసం. ఛాతీకి చెవి ఆనిస్తే లోపల పిల్లికూతలు వినిపిస్తాయి. నిద్రలో దాని పక్కటెముకలు ఎంత లోతుకు పోతున్నాయో చూస్తూ కూర్చోవడం నాకు అలవాటైపోయింది. పైన కొత్తగా కట్టిన అంతస్తులో పాప గదికి ఎండ దిగకుండా సీలింగు వేయించాలనుకున్నాం. బోర్డులు బిగించడం అయింది. జాయింట్లకు ముగ్గుర్ని అడిగాను, దుమ్ము లేకుండా చేస్తారా అని. ముగ్గురూ నవ్వారు. నాలుగోవాడు ఇనాయతుల్లా. నవ్వలేదు. పాపకు ఎన్నో నెల అని అడిగాడు. పద్నాలుగు అన్నాను. బకెట్టు, స్పాంజి దించి పని మొదలుపెట్టాడు.

ఆయన పద్ధతులు కొన్ని చూడ్డానికి వింతగా ఉండేవి. సెల్‌ఫోను లైటును సీలింగుకు దాదాపు తగిలించి పక్కవాటంగా పట్టేవాడు. ఆ వెలుతురులో వెంట్రుకంత ఎత్తు ఉన్నా పొడుగాటి నీడ పడేది. ఒక్కో జాయింటు పక్కన పెన్సిలుతో తారీకు రాసేవాడు. బెంగళూరులో పొద్దునొక మనిషి, సాయంత్రం ఒక మనిషి చేసేవాళ్లు కాబట్టి ఎవరు ఎప్పుడు పూశారో తెలియడానికి పెట్టుకున్న అలవాటట. రెండో పూత వెడల్పుగా పూసేసరికి మొదటి తారీకు దాని కింద మునిగిపోయేది. అప్పుడు బయట ఇంకో తారీకు పడేది. ఇంకో అలవాటు, మళ్లీ పూసే ముందు ఎడమ చేతి వెనక భాగం జాయింటుకు ఆనించి కళ్లు మూసుకునేవాడు. చల్లగా తగిలితే దిగేసేవాడు. ఎందుకలా అని నేను అడగలేదు. తడి ఆరుతున్నంతసేపు వస్తువు చల్లగా ఉంటుందని, కుండలో నీళ్లు చల్లబడేది అందుకేనని ప్రతి ఏడాదీ పిల్లలకు చెబుతాను. ఆ చేయి అదే చూస్తోందని నాకు అప్పుడు తట్టనేలేదు.

మూడో రోజు టీ తాగుతూ కుప్పం సంగతి చెప్పాడు. కుప్పంలో శివకుమార్ అనే కాంట్రాక్టరు శాంతిపురం రోడ్డులో పెద్ద ఫంక్షన్ హాలు కడుతున్నాడు. రెండంతస్తులు, మొత్తం బోర్డు సీలింగు. ఇనాయతుల్లా చేసిన ఒక పని చూపిస్తే, అది నచ్చితే, హాలు మొత్తం జాయింట్లు ఆయనకే, ఆయన పద్ధతిలోనే ఇస్తానన్నాడట. తర్వాత అదే కాంట్రాక్టరు చేతిలో ఇంకో రెండు కట్టడాలు. కుప్పంలో మరియం చెల్లెలు ఇల్లు ఉంది, అక్కడ ఉండి వారానికొకసారి పుంగనూరు రావచ్చు. అది రాకపోతే బెంగళూరే. అప్పటికే చిన్న పనులు తగ్గిపోతున్నాయి. సగం రేటుకు రెండు రోజుల్లో చేసిపోయే కుర్రాళ్లు ఊరూరా ఉన్నారు.

“ఆడికి పోతే మళ్లా ఆ మిషనే మేడం,” అన్నాడు. “మీ పాప రూమే సూపిస్తా సార్‌కి. దీనికంటే మంచిగా నేను ఈ జిల్లాలో యాడా చేసిండలేదు.”

కార్తీక మాసం. ఇరవై రెండో తారీకు ఉదయం ఏడున్నరకు గృహప్రవేశం. ఆ వారమంతా తుఫాను ముసురు పట్టింది. ఇరవై ఒకటో తారీకు పదకొండు గంటలకు ఇనాయతుల్లా మూడో పూత ముగించి, అంచులు తుడిచి, దిగాడు. ఇంకో రెండు రోజులు బ్రష్ పెట్టనివ్వద్దన్నాడు. రేపే ముహూర్తం కదా అన్నాను. సీలింగు ఎటూ తెల్లగానే ఉంది, పూజ చేసుకోండి, రంగు తర్వాత వేయించుకోండి, దేవుడేమీ అనుకోడు అన్నాడు. నేను నిచ్చెన రెండు మెట్లెక్కి, చేయి చాచి గోడ దగ్గరి జాయింటును నొక్కి చూశాను. రాయిలా ఉంది. ఆరిందిగా అన్నాను.

“పైన ఆరిండాది మేడం. లోపల పచ్చిగా ఉండాది. ఇప్పుడు రంగేస్తే లోపలి నీళ్లు బయటికి రాలేవు. తర్వాత అది ముడుసుకుంటాది, సీలతాది.”

నేను నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. మొదటి రోజు ఆయన సందులు నింపడానికి జిప్సం పొడి కలిపాడు. ఆ పొడి నీళ్లు పీల్చుకుని అరగంటలో గట్టిపడుతుంది. అది ఆరడం కాదు, రసాయన చర్య. ఆ సమీకరణం నేను బోర్డు మీద కళ్లు మూసుకుని రాయగలను. ఆయనకు అది చెప్పాను. మీకు తెలియదు గానీ ఇది నీళ్లు ఆవిరై గట్టిపడేది కాదు, గంటలో పనైపోతుంది అని. ఆయన బకెట్టు వైపు చూశాడు. మొదటి రోజు పొడి వేరు, తర్వాతి పూతలకు వాడిన బకెట్టులోని సామాను వేరు. అది సుద్ద, జిగురు, నీళ్లు. దాంట్లో ఏ చర్యా లేదు. నీళ్లు పోతేనే గట్టిపడుతుంది. బకెట్టు మీద అచ్చులో రాసే ఉంది. నేను చదవలేదు.

“ఇరవై మూడు దాకా వద్దు మేడం,” అని మాత్రం మళ్లీ అన్నాడు. నిచ్చెన ఎక్కి తలుపు పక్క జాయింటు దగ్గర పెన్సిలుతో పెద్దగా ఏదో రాసి, బస్సుకు టైమవుతోందని పుంగనూరు వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం పెయింటరు ఎల్లప్ప వచ్చాడు, కురబలకోట మనిషి. రోలరు తడిపి పైకి చూశాడు.

“ఈడేందో రాసిండాడే మేడం ఆ భాయ్. ఇరవై మూడు దాకా రంగు వద్దంట.”

నేను ఏం ఆలోచించానో దాచకుండా చెబుతాను. మర్నాడు బంధువులంతా వస్తారు, చారలు చారలుగా ఉన్న సీలింగు కింద నిలబడి ఒక్కొక్కరికీ జవాబు చెప్పాలి. అంతకంటే పెద్దది, రంగు వాసన. గృహప్రవేశం తర్వాత వేయిస్తే పాప ఆ వాసనలో పడుకోవాలి. ఇప్పుడే వేయించి కిటికీలు తెరిచిపెడితే మేలు. పాప కోసమే అనుకున్నాను. అది దానంతటదే గట్టిపడే మందు, అరగంట చాలు, కానివ్వండి అన్నాను.

“సదువుకున్నోళ్లు మీరు. మీరు సెప్తే సరే,” అన్నాడు ఎల్లప్ప. మొదటి రోలరు ఆ పెన్సిలు రాత మీదనే దొర్లించాడు.

గృహప్రవేశం బాగా జరిగింది. పాలు పొంగాయి. సీలింగు చూసి మా ఆడపడుచు ఎవరు చేశారని కూడా అడగలేదు, అంత బాగుంది.

డిసెంబరు మూడో వారంలో పాపకు ఆయాసం ఎక్కువై మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ఇంటికి వచ్చిన రోజు మా అత్త రెడ్డెమ్మ గది ఊడుస్తూ పైకి చూసింది. తలుపు దగ్గర నుంచి సరిగ్గా ఉయ్యాల పైదాకా వెంట్రుకలాంటి చీలిక. వారం తిరిగేసరికి అలాంటివి నాలుగు. రెండు చోట్ల రంగు పొరలా లేచింది.

“కొత్తిల్లు ఈ పక్కన సీలడం, ఆ పక్కన బిడ్డను ఆసుపత్రిలో ఏయడం,” అంది మా అత్త. “ఊరికే జరగదు ఇట్లాంటిది. ఎవురో ఏదో తప్పు చేసుండారు.”

ఆవిడ దృష్టిలో తప్పంటే పూజలో, మడిలో, ముహూర్తంలో. కానీ ఆ మాట నా మీద వేరేగా పడింది. ఇనాయతుల్లా వద్దన్నా నేను రంగు వేయించానని ఆవిడకు తెలియదు, ఆ మధ్యాహ్నం కింద వంట సామాను చూసుకుంటోంది. నా భర్త ఆనంద్‌కూ తెలియదు. చీలిక ఎందుకు వచ్చిందో నాకు తెలుసు, దానికీ పాప ఆయాసానికీ ఏ సంబంధమూ లేదని కూడా తెలుసు. తెలిసినా, ఇద్దరిలో ఎవరికీ చెప్పలేదు. బిడ్డ జబ్బుకు కారణం వెతుకుతున్న ఇంట్లో నా పేరు నేనే ఎత్తే ధైర్యం లేకపోయింది.

ఇనాయతుల్లాకూ చెప్పలేదు. ఫిబ్రవరిలో ఆయనే ఫోను చేశాడు. శివకుమార్ సార్ ఆదివారం మదనపల్లెకు వస్తున్నారట, పాప రూము ఒకసారి చూపిస్తానన్నాడు. గొంతులో సంతోషం దాచుకోలేకపోయాడు. వద్దని ఒక్క మాట అంటే చాలు. లేదా ఉన్నది చెప్తే చాలు, ఇంకో ఇల్లు చూపించుకునేవాడు. నేను రమ్మన్నాను. పని ఉన్నవాళ్లు పైకి అంత పట్టించుకుని చూస్తారా అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆదివారం పదింటికి వచ్చారు. ఇనాయతుల్లా ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. పాపకు గిలక్కాయ తెచ్చాడు. మెట్లెక్కుతూ శివకుమార్‌కు స్పాంజి పని గురించి చెబుతున్నాడు. గదిలోకి వచ్చి, తన అలవాటు ప్రకారం ముందుగా ఫోను లైటు వెలిగించి సీలింగుకు పక్కవాటంగా పట్టాడు, నీడలు లేవని చూపించడానికి.

లైటు అవసరం లేకుండానే కనబడుతున్న చీలికలు ఆ వెలుతురులో నల్లటి దారాల్లా కనబడ్డాయి.

శివకుమార్ తల ఎత్తి చూశాడు. మంచి మనిషే అనుకుంటా, నవ్వడానికి ప్రయత్నించాడు.

“ఏమప్పా ఇనాయత్. దీన్నేనా జిల్లాలో యాడా లేదంటివే.”

ఇనాయతుల్లా స్టూలు లాక్కుని ఎక్కాడు. ఎడమ చేతి వెనక భాగం చీలికకు ఆనించాడు. తర్వాత తలుపు పక్కకు జరిగాడు, తను ఆ రోజు పెద్దగా రాసిన చోటికి. అక్కడ రంగు అంచు లేచి ఉంది. జేబులోంచి చిన్న మడత కత్తి తీశాడు. ఆ అంచు కింద కత్తి మొన పెట్టి, అలాగే ఆగి, నా వైపు తిరిగాడు.

“మేడం, రంగు ఎప్పుడు ఏపించినారు?”

కోపంగా అడగలేదు. నేను చెప్తానని పూర్తిగా నమ్మి అడిగాడు. మా అత్త పాపను చంకన ఎత్తుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆనంద్ ఆవిడ వెనకాల.

“మీరు చెప్పినట్టే,” అన్నాను. “ఇరవై మూడు తర్వాతే.”

ఇరవై రెండున గృహప్రవేశానికి వచ్చిన వాళ్లంతా రంగు వేసిన సీలింగే చూశారు. ఆ లెక్క మా అత్తకు గానీ ఆనంద్‌కు గానీ ఆ క్షణంలో తట్టలేదు. ఇనాయతుల్లా ఆ రోజు రాలేదు, అయినా ఆయనకు తెలిసిపోయింది. నా ముఖం చాలు. కత్తి మొన ఇంకా రంగు కిందే ఉంది. చిన్నగా ఒక్కసారి పైకి లేపితే ఆయన రాత బయటపడేది. తారీకు, టైము, వద్దన్న మాట, అన్నీ.

గీకి చూపించప్పా, లోపలేముందో చూద్దాం అన్నాడు శివకుమార్.

ఇనాయతుల్లా కత్తి వెనక్కి తీసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు.

“గీకితే దుమ్ము పడ్తాది సార్. పాపుండాది ఈడ.”

మా అత్త అప్పుడు ఊరుకోలేదు. అంత తెలిసినోడివైతే ముందే సరిగ్గా చేసుండొచ్చు కదప్పా సాయిబూ అని, ఇల్లు చీలిన పాపం ఊరికే పోదని ఇంకా ఏవో అంది. ఆయన తల వంచుకుని విన్నాడు. స్టూలు తెచ్చిన చోటే పెట్టాడు. గిలక్కాయ కిటికీ గట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు. మెట్లు దిగేటప్పుడు ఆయన దగ్గు కిందిదాకా వినిపించింది. శివకుమార్ ముందు నడుస్తున్నాడు, వెనక్కి తిరగలేదు.

కుప్పం హాలు వేరేవాళ్లకు పోయింది. శివకుమార్ ఆ చీలికల ఫొటో ఒకటి తీసుకున్నాడని నేను గమనించలేదు. అది కాంట్రాక్టర్ల ఫోన్లలో తిరిగింది. పుంగనూరులో ఒక క్లినిక్కువాళ్లు మాటిచ్చిన పని వెనక్కి తీసుకున్నారు. మార్చిలో ఇనాయతుల్లా బెంగళూరు వెళ్లాడు.

జూన్‌లో మా అత్త బైరెడ్డిపల్లెకు, కూతురి ఇంటికి వెళ్లింది. ఆనంద్ ఆఫీసులో, పాప కింద మావయ్య దగ్గర. నేను స్పాంజి తడిపి, స్టూలెక్కి, తలుపు పక్కన లేచిన రంగును ఇనాయతుల్లా చేసినట్టే తడి చేసి, దుమ్ము లేవకుండా గోటితో ఒలిచాను. మొత్తం పది నిమిషాలు పట్టలేదు. పెన్సిలు గీతలు అలాగే ఉన్నాయి. వంకర టింకర తెలుగు అక్షరాలు: “21, పగలు 11. 23 దాకా రంగు వద్దు. పాప రూము.”

చివరి రెండు మాటలు ఎందుకు రాశాడో తెలియదు. పెయింటరు జాగ్రత్తగా ఉంటాడనేమో.

ఫొటో తీసి, నంబరు కనుక్కుని శివకుమార్‌కు పంపాను. తప్పు నాది, రంగు నేను ఇరవై ఒకటినే వేయించాను, ఆయన వద్దన్నాడు అని కింద రాశాను. రాయడం అంత తేలిక అని అప్పుడు తెలిసింది. మూడు వాక్యాలు. సాయంత్రానికి జవాబు వచ్చింది. హాలు అయిపోయింది మేడం, రెండు పెళ్లిళ్లు కూడా జరిగినాయి, ఇప్పుడు దేనికి ఇది అని.

మర్నాటి రాత్రి ఆనంద్‌కు చెప్పాను. అమ్మకు చెప్పొద్దు అన్నాడు. నేను చెప్పలేదు.

తర్వాతి ఆదివారం బస్సెక్కి పుంగనూరు వెళ్లాను. ఇనాయతుల్లా వారం రోజుల సెలవు మీద ఇంట్లోనే ఉన్నాడని కూతురు హీనా ఫోనులో చెప్పింది. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. ముందు గదిలో మరియం కుట్టు మిషను ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు, కుర్చీ చూపించింది. లోపలి గదిలోంచి గుర్రుమని ఒక శబ్దం వస్తోంది. ఆ శబ్దం నాకు బాగా తెలుసు. మా ఇంట్లో చలికాలమంతా రోజుకు రెండుసార్లు వినిపించేది. ఆయాసానికి మందు పట్టే నెబ్యులైజరు.

అది ఆగకముందే మరియం బట్ట మడత పెడుతూ మొదటిసారి నా ముఖంలోకి చూసి, “మూడు నెలలు మేడం,” అంది. “ఆ రుద్దే మిషను పట్టి మూడు నెలలే. పద్దెనిమిదేండ్లు లాగిన మనిషి, ఈసారి మూడు నెలలు కూడా లాగలేకపాయ.”

ఇనాయతుల్లా తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. చొక్కా మెడ దగ్గర ఎముకలు కనబడుతున్నాయి. నేను ఫోనులో ఫొటో తీసి ఆయన చేతికిచ్చాను. చెప్పాలనుకుని బస్సులో కూర్చినవన్నీ మర్చిపోయాను. నా తప్పు, శివకుమార్‌కు కూడా రాశాను అని మాత్రం అన్నాను.

ఫోనును కంటికి దూరంగా పట్టుకుని చాలాసేపు చూశాడు. తన రాత చూస్తున్నాడనుకున్నాను. వేళ్లతో ఫొటో పెద్దది చేసి, రాత పక్కన జాయింటు అంచు చూస్తున్నాడు.

“అంచు బాగానే కలిసిండాది,” అన్నాడు హీనాతో. నాతో కాదు.

ఫోను తిరిగి ఇచ్చాడు.

“ఈ మాట ఆ పొద్దు సెప్పాల్సింది మేడం. ఒక్క మాట. ఇప్పుడు దీన్ని ఎవురికి సూపించుకోను?”

మదనపల్లెలో నాకు తెలిసిన వాళ్లు ఇళ్లు కడుతున్నారు, చెప్తాను అన్నాను. బెంగళూరు వెళ్లాల్సిన పని లేకుండా చూస్తాను అన్నాను. ఆయన వింటున్నట్టే తల ఊపాడు. కాసేపటికి, నిచ్చెన ఎక్కితే ఇప్పుడు నాలుగో మెట్టు దగ్గరే ఆగాల్సి వస్తోందని చెప్పాడు. పని ఎవరు ఇచ్చినా చేసే చేతులు ఉన్నాయి గానీ పైకి చేరేదెట్లా అన్నాడు. అందులో నిష్ఠూరం లేదు. నాకు ఒక లెక్క అప్పజెప్పినట్టు చెప్పాడంతే. మరియం మిషను మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది. టీ తాగమని ఎవరూ అనలేదు. గుమ్మం దాటేటప్పుడు ఆయన పాప ఎలా ఉందని అడిగాడు. బాగుంది అన్నాను. అప్పటికి రెండు నెలలుగా నిజంగానే బాగుంది. ఆ నిజం కూడా తల వంచుకునే చెప్పాను.

సీలింగు బాగు చేయించాలని ఇంట్లో ఒకటే పోరు. ఇప్పటికి ముగ్గురు వచ్చి చూసి వెళ్లారు. ప్రతివాడూ పైకి చూసి నాలుక చప్పరిస్తాడు, ఒలిచిన రంగు కింద పెన్సిలు రాత చదువుతాడు, ఇంతకీ ఈ పని చెడగొట్టింది ఎవరు మేడం అని అడుగుతాడు. నేనే అంటాను. నవ్వుతారు. తర్వాత, అది కాదు మేడం, మేస్త్రీ పేరు చెప్పండి అంటారు.